చలువ కళ్ళద్దాలు: సోకు కోసమా, చూపు కోసమా?

గోపాల్‌పూర్ నుంచి బరంపురంలోని మా వీధికి చేపల గంప తెచ్చే మామ్మ ఒకావిడ ఉంది. తెల్లవారుజామున పడవలు ఒడ్డెక్కగానే సరుకు బేరమాడి కొనుక్కుని, తొమ్మిది గంటలకల్లా మా గుమ్మం ముందు ఉంటుంది. పక్కింటివాళ్ళతో ఒడియా, మనతో చక్కని శ్రీకాకుళం తెలుగు. కిందటి వేసవిలో ఒకరోజు గంప దింపుతూ ఎడమకన్ను నులుముకుంటుంటే దగ్గరకెళ్ళి చూశాను. ముక్కు వైపు నుంచి తెల్లగుడ్డు మీదుగా ఎర్రటి కండ ఒకటి త్రికోణంలా నల్లగుడ్డు అంచుదాకా పాకి ఉంది. ఎప్పుడూ ఇసక పడ్డట్టు గరగరలాడుతుందట. శుక్లం అనుకుని, "వయసు మీద పడితే వచ్చేదే గదా" అని ఊరుకుందట.

పట్టుబట్టి కంటి డాక్టరుగారికి చూపించాం. అది శుక్లం కాదని, టెరీజియం అంటారని, మనవాళ్ళు కంట్లో కండ పెరగడం అనేది దీన్నేనని ఆయన చెప్పారు. ఏళ్ళ తరబడి ఎండలో, గాలిలో, ఇసకలో తిరిగేవాళ్ళకు ఎక్కువగా వస్తుందట. నల్లగుడ్డు మధ్యకు పాకితే చూపుకే అడ్డం. అప్పుడు ఆపరేషన్ చేసి తీయాలి. తీసినా కొందరికి మళ్ళీ పెరుగుతుంది. "ప్రస్తుతానికి చుక్కల మందు వాడు మామ్మా. ఎండలోకి వెళ్ళినప్పుడు మాత్రం చలువద్దాలు తప్పకుండా పెట్టుకోవాలి" అన్నారు.

మామ్మ పకపకా నవ్వింది. "నల్లద్దాలెట్టుకుని సేపలమ్మితే జనం ఏటంతారు బాబూ? ముసిల్దానికి సోకులొచ్చినాయంతారు" అంది.

ఆ మాట నా మనసులోంచి పోలేదు. ఆవిడ మనవడి దగ్గర మూడు జతల నల్లద్దాలున్నాయి. సాయంత్రం చీకటి పడ్డాక కూడా నెత్తిమీద పెట్టుకుని బజారులో తిరుగుతాడు. అతన్ని చూసి ఎవరూ నవ్వరు. అక్కర లేనివాడికి అలంకారం, అక్కర ఉన్నవాళ్ళకు సిగ్గు! మన ఇళ్ళలోనూ ఇంతేనేమోనని చుట్టూ చూస్తే, ఇంతే.

పేరులోనే ఉంది పొరపాటు

మనం ఏ రాష్ట్రంలో స్థిరపడితే ఆ రాష్ట్రపు మాట మన నాలుక మీద చేరుతుంది. చెన్నైలో వీటిని కూలింగ్ గ్లాస్ అంటారు. బెంగుళూరు కన్నడిగులు తంపు కన్నడక అంటారు. ముంబయి వాళ్ళకు గాగుల్. మా ఒడిశాలో కళా చష్మా, అంటే నల్ల కళ్ళద్దాలు. తెలుగులో మనకు చలువ కళ్ళద్దాలు. ఈ పేర్లు చాలావరకు రెండే మాటలు చెబుతున్నాయి: చల్లన, నలుపు.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. నల్లని అద్దం కంటికి కనిపించే వెలుతురును తగ్గిస్తుంది. కన్ను చికిలించనక్కర లేదు కనుక హాయిగా ఉంటుంది. దాన్నే చలువ అన్నాం. కాని కంటికి చెరుపు చేసేది ముఖ్యంగా కనిపించే వెలుతురు కాదు. కనిపించని అతినీలలోహిత కిరణాలు. వాటినే క్లుప్తంగా యు.వి. అంటున్నారు. అవి తగిలినట్టూ తెలియదు, ఆగినట్టూ తెలియదు. అందుచేత "పెట్టుకుంటే ఎంత చల్లగా ఉందో" అనే మాట ఆ అద్దం కంటిని కాపాడుతోందనడానికి సాక్ష్యం కాదు. చలువ వేరు, రక్షణ వేరు.

ఎండ కంటికి ఏం చేస్తుంది?

సూర్యుడి నుంచి వచ్చే యు.వి. కిరణాలను ఎ, బి, సి అని మూడు రకాలుగా విభజించారు. సి రకాన్ని పైనున్న వాతావరణమే ఆపేస్తుంది. ఎ రకమూ, కొంత బి రకమూ మన దాకా వస్తాయి. కంటి ముందుండే పారదర్శకమైన పొర (కార్నియా), దాని వెనకనున్న కటకం కలిసి వీటిలో చాలా భాగాన్ని తామే పీల్చుకుని లోపలి రెటీనాను కాపాడతాయి. ఆ కాపలా పని ఏళ్ళ తరబడి చేస్తే కాపలాదారే దెబ్బ తింటాడు. కంటి పైపొర మీద కండ పెరగడం, కటకం మసకబారి శుక్లం రావడం అనే రెండింటిలోనూ ఎండ పాత్ర ఉంది. శుక్లానికి వయసు, మధుమేహం, పొగతాగడం వంటి కారణాలు ఇంకా ఉన్నాయి. ఎండ ఒక్కటే కారణమని ఎవరూ అనరు. అయితే వయసును మనం ఆపలేం. ఎండను ఆపగలం.

దీనికి రుజువు చూపించినవాళ్ళు కూడా మన మామ్మ లాగా నీటిని నమ్ముకుని బతికేవాళ్ళే. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రపు చెసపీక్ అఖాతంలో పీతలు, ఆయిస్టర్లు పట్టే 838 మంది జాలరులను హ్యూ టేలర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు పరీక్షించారు. ఎవరు ఎన్నేళ్ళు నీటిమీద గడిపారు, టోపీ పెట్టుకున్నారా, కళ్ళద్దాలు పెట్టుకున్నారా అని అడిగి లెక్క కట్టారు. 1988లో ఫలితాలు వెలువడ్డాయి. కంటికి తగిలిన యు.వి. బి మోతాదు రెట్టింపయితే, కార్టికల్ అనే రకం శుక్లం వచ్చే ప్రమాదం 60 శాతం పెరిగిందని తేలింది. మన దగ్గర హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో, పట్నంలో 1996–2000 మధ్య జరిపిన పెద్ద సర్వేలో కూడా, కంట్లో కండ పెరగడానికి ఆరుబయట పనికి సంబంధం కనిపించింది.

ఆ కండ సాధారణంగా ముక్కు వైపునే ఎందుకు మొదలవుతుందన్న దానికి ఒక ముచ్చటైన వివరణ ఉంది. కణత వైపు నుంచి ఏటవాలుగా వచ్చే కిరణాలను కార్నియా వంపు భూతద్దంలా వంచి, అవతలి వైపున, అంటే ముక్కు పక్కన, ఒకచోట కేంద్రీకరిస్తుంది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినవాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు. ముందు నుంచి వచ్చే ఎండ కంటే పక్కనుంచి దూరే ఎండ ఎంత ముఖ్యమో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఎండ పైనుంచే రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పొడి ఇసక సుమారు 15 శాతం, సముద్రపు నురగ సుమారు 25 శాతం, కొత్తగా కురిసిన మంచు 80 శాతం దాకా యు.వి.ని తిప్పికొడతాయి. పలచని మబ్బు దాన్ని పెద్దగా ఆపలేదు. ఇంకో విచిత్రం వినండి. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు మన కనుబొమలూ, కనురెప్పలూ గొడుగు పడతాయి. ఉదయం ఎనిమిది నుంచి పది వరకు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఎండ ఏటవాలుగా నేరుగా కంట్లో పడుతుంది. కంటికి తగిలే మోతాదు ఆ వేళల్లోనే ఎక్కువ కావచ్చని జపాన్ పరిశోధకులు కొలిచి చూపించారు. మన పిల్లలు బడికి వెళ్ళేదీ, మనం స్కూటరు మీద ఆఫీసుకు బయల్దేరేదీ, మామ్మ గంప నెత్తినెత్తుకునేదీ ఆ వేళల్లోనే!

మూడు జతలు, ఒక మీటరు

మామ్మ సంగతి తేల్చుకుందామని నేను మూడు జతలు సంచీలో వేసుకుని మాకు తెలిసిన కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళాను. ఒకటి మనవడి దగ్గర అడిగి తెచ్చిన, తిరనాళ్ళలో కొన్న కటిక నల్లని జత. రెండోది మావారు బాగా ఖరీదు పెట్టి కొన్నది. మూడోది నేను రోజూ పెట్టుకునే పవరు కళ్ళద్దాలు, ఏ రంగూ లేని తెల్లటివి. లెన్సు గుండా యు.వి. ఎంత దాటుతుందో చూపించే చిన్న మీటరు ఆ దుకాణంలో ఉంది. ఇలాంటివి చాలా దుకాణాల్లో ఉంటాయి, అడిగితే చూపిస్తారు.

మావారి జత పరీక్షలో నెగ్గింది. అందరికంటే నల్లగా ఉన్న మనవడి జత తప్పింది. ఏ రంగూ లేని నా పవరు కళ్ళద్దాలు నెగ్గాయి! అవి పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్కుతో చేసినవనీ, ఆ పదార్థానికే యు.వి.ని ఆపే గుణం ఉందనీ దుకాణదారు చెప్పారు. రంగు వేరు, వడపోత వేరు. టీ డికాషన్ రంగు చూసి అందులో చక్కెర ఎంతుందో చెప్పలేం కదా.

వడపోత లేని నల్లద్దం ఉత్త దండగ మాత్రమే కాదు. చీకటిగా ఉంటే కంటిపాప పెద్దదవుతుంది. ఎండలో సహజంగా చికిలించుకునే కన్ను హాయిగా తెరుచుకుంటుంది. అంటే తలుపు బార్లా తీసిపెట్టి కాపలావాణ్ణి ఇంటికి పంపినట్టు. అందుకే ఊరికే నల్లగా ఉండే అద్దాలతో జాగ్రత్త అని డాక్టర్లు హెచ్చరిస్తారు. అలాగని చవకవన్నీ చెడ్డవనీ, ఖరీదైనవన్నీ మంచివనీ కాదు. ధరలో ఎక్కువ భాగం ఫ్రేముకూ, పేరుకూ పెట్టేదే. వడపోతకు అయ్యే ఖర్చు తక్కువే.

నల్లద్దాల నడక

ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు మంచు మీది తళుకు తట్టుకోవడానికి ఎముకతో, కొయ్యతో చేసి సన్నని చీలిక మాత్రం వదిలిన కంటి తొడుగులు వాడేవారు. అద్దమే లేని చలువద్దాలన్నమాట. 1913లో ఇంగ్లండు శాస్త్రవేత్త విలియం క్రూక్స్, గాజు కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళ కళ్ళను కాపాడటానికి సీరియం కలిపిన ప్రత్యేకమైన గాజును తయారుచేశాడు. అంటే ఈ వస్తువు చరిత్రలో కార్మికుడి కన్నుకు పెద్ద చోటే ఉంది. ఈ సంగతి మామ్మకు చెప్పాలనిపించింది.

1929లో శామ్ ఫాస్టర్ అమెరికాలోని అట్లాంటిక్ సిటీ సముద్ర తీరంలో చవక ప్లాస్టిక్ నల్లద్దాలు అమ్మడంతో అవి సామాన్యుడి జేబులోకి వచ్చాయి. 1930లలో విమానచోదకుల కోసం బాష్ అండ్ లాంబ్ కంపెనీ చేసిన ఏవియేటర్, 1952లో వచ్చిన వేఫేరర్ ఫ్రేములు రేబాన్ పేరుతో ప్రపంచమంతా తిరిగాయి. ఆ తరవాత సంగతి సినిమాలది.

మన దక్షిణాదిలో నల్లద్దాలు వెండితెర మీద నుంచి రాజకీయ వేదిక మీదకు కూడా ఎక్కాయి. ఎం.జి.ఆర్. అనగానే తెల్లటోపీ, నల్లద్దాలు గుర్తొస్తాయి. రజనీకాంత్ కళ్ళద్దాలు తిప్పి పెట్టుకునే తీరును అద్దం ముందు అభ్యాసం చేయని కుర్రవాడు మద్రాసులో ఉండేవాడా? కరుణానిధిగారి నల్లద్దాలు మాత్రం సోకు కోసం పెట్టుకున్నవి కావు. కంటికి తగిలిన గాయం, తరవాత 1971లో అమెరికాలో జరిగిన శస్త్రచికిత్స వాటికి కారణం. 2017లో వేరే కళ్ళద్దాలకు మారేదాకా 46 ఏళ్ళు అవే ఆయన గుర్తు. అవసరం కొద్దీ పెట్టుకున్న వస్తువు హుందాతనమై కూర్చుంది. దాన్ని చూసి నవ్వినవాళ్ళెవరు?

కొనేటప్పుడు చూడవలసినవి

1. యు.వి. 400 అని ఉందా చూడండి. 400 నానోమీటర్ల వరకు ఉన్న యు.వి. కిరణాలను ఆపుతుందని దాని అర్థం. నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు. చీటీ ఎవరైనా అంటించవచ్చు కనుక మీటరు మీద పెట్టించి చూసుకోవడం మేలు.

2. నలుపు ఎంత ఉండాలో అంతే. చలువద్దాలకు 0 నుంచి 4 వరకు తరగతులున్నాయి. మన ఎండలకు 3వ తరగతి సరిపోతుంది. అది 8 నుంచి 18 శాతం వెలుతురును లోపలికి రానిస్తుంది. 4వ తరగతి మంచుకొండలెక్కేవాళ్ళకు. అది పెట్టుకుని వాహనం నడపకూడదు.

3. ఫ్రేము వెడల్పుగా, కణతల వైపుకు కాస్త వంగి ఉండాలి. పక్కనుంచి దూరే ఎండ సంగతి చదివారు కదా. చిన్న గుండ్రటి అద్దాలు ఫొటోకు బాగుంటాయి, ఎండకు కాదు.

4. బూడిదరంగు అద్దం రంగులను ఉన్నవున్నట్టు చూపిస్తుంది. గోధుమరంగు అద్దంలో గతుకులు, అంచులు స్పష్టంగా తెలుస్తాయి. ఏ రంగైనా సిగ్నల్ దీపాల ఎరుపు, పచ్చ తేడా తెలియాలి.

5. పోలరైజ్డ్ అద్దాలు తడిరోడ్డు, నీళ్ళు, కారు బానెట్ల మీది తళుకును కోసేస్తాయి. ఎక్కువగా వాహనం నడిపేవారికి సుఖం. అయితే ఇది యు.వి. వడపోతకు బదులు కాదు. రెండూ ఉన్నాయా అని అడగాలి.

6. ఎండలో నల్లబడి నీడలో తెల్లబడే అద్దాలు పవరున్నవారికి సౌకర్యమే. కాని అవి చాలావరకు యు.వి. తగిలితేనే నల్లబడతాయి. కారు ముందు అద్దం యు.వి.ని ఆపేస్తుంది కనుక కారులో అంతగా పనిచేయవు.

ముఖానికి నప్పడమూ ముఖ్యమే, కాదనను. నప్పనిది ఎవరూ రోజూ పెట్టుకోరు. పెట్టుకోనిది కన్నును కాపాడదు. గుండ్రటి ముఖానికి కాస్త కోణాలున్న ఫ్రేము, కోలముఖానికి లోతుగా ఉన్న ఫ్రేము, చదరపు ముఖానికి అంచులు వంపు తిరిగిన ఫ్రేము బాగుంటాయి. ముక్కు మీద నుంచి జారకుండా, చెవుల వెనక నొక్కకుండా ఉండాలి. తుడవడానికి చీర కొంగు, లుంగీ అంచు వాడకండి. వాటి మీది దుమ్మే గీతలు పెడుతుంది. ముందు నీళ్ళతో కడిగి మెత్తని గుడ్డతో అద్దాలి. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే వేడికి ఫ్రేము వంగుతుంది.

పిల్లలూ, పెద్దలూ

పిల్లల కంటి కటకం తేటగా ఉంటుంది కనుక పెద్దలకంటే వారి రెటీనాకు యు.వి. ఎక్కువ చేరుతుంది. అలాగని పిల్లల్ని ఇంట్లో కట్టిపడేయకండి. ఆరుబయట ఆడుకునే పిల్లలకు దూరపు చూపు మందగించే బెడద తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. అంచున్న టోపీ పెట్టి ఆడుకోనివ్వండి. సముద్రతీరానికీ, కొండలకూ తీసుకెళ్ళినప్పుడు అద్దాలు పెట్టండి. బొమ్మల దుకాణంలో దొరికే రంగు అద్దాలు మాత్రం వద్దు.

శుక్లం ఆపరేషన్ అయిన తాతగారికి పూర్వం ఆస్పత్రిలో పచ్చటి అద్దాలిచ్చేవారు. ఇప్పుడు అమర్చే కృత్రిమ కటకాలలో యు.వి. వడపోత సాధారణంగా ఉంటుంది. అయినా కొద్దిరోజులు వెలుతురు గుచ్చుకుంటుంది కనుక, దుమ్ము పడకుండా కూడా, డాక్టరు చెప్పినన్నాళ్ళు నల్లద్దాలు పెట్టుకోవాలి.

నల్లద్దాలు చేయలేని పనులు

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం కర్ణాటక, ఆంధ్ర, ఒడిశాల మీదుగా సాగింది. ఆ రోజు తలుపులు మూసుకుని కూర్చున్నది మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. గ్రహణాన్ని ఏ చలువద్దంతోనూ చూడకూడదు, అది ఎంత నల్లనిదైనా, ఎంత ఖరీదైనదైనా సరే. దానికి ప్రత్యేకంగా చేసిన గ్రహణపు అద్దాలు వేరే ఉన్నాయి. వెల్డింగు మెరుపుకూ ఇవి చాలవు. రాత్రి బండి నడిపేటప్పుడు ఎదుటి దీపాలకు భయపడి రంగు అద్దాలు పెట్టుకోవడం ఇంకా ప్రమాదం.

కళ్ళకలక వచ్చినప్పుడు అందరం నల్లద్దాలు తీస్తాం. చెన్నైలో మద్రాస్ ఐ అంటారు దీన్ని. కళ్ళలోకి చూస్తే అంటుకుంటుందని నమ్మకం. చూపుతో అంటదు, చేతులతో అంటుతుంది. నల్లద్దం వెలుతురు బాధను తగ్గిస్తుంది, అంతే. చేతులు కడుక్కోవడం, తువ్వాలు వేరుగా ఉంచుకోవడం అసలు మందు.

మర్యాద మాట

పెద్దల ఎదుట నల్లద్దాలతో నిలబడి మాట్లాడటం అమర్యాద అని మన ఇళ్ళలో చెబుతారు. ఆ మాట నాకూ ఇష్టమే. మనిషి కళ్ళు కనిపించకపోతే మాట సగమే వినిపిస్తుంది. గుమ్మం దాటి లోపలికి రాగానే తీసేద్దాం, పలకరించేటప్పుడు తీసేద్దాం. అయితే గుమ్మం బయట ఎండలో పెట్టుకున్నవాళ్ళను "ఏం హీరో!" అని ఎగతాళి చేయడం కూడా అమర్యాదే. పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు, రోడ్డు ఊడ్చే ఆవిడ, ట్రాఫిక్ కానిస్టేబులు, పొలానికి వెళ్ళే మనవాళ్ళు, వీళ్ళ కళ్ళకే అందరికంటే ముందు కావాలి ఈ అద్దాలు.

ఈ తీరంలో ఎండకు తలదాచుకోవడం కొత్త కాదు. పూరీ తీరంలో యాత్రికులను పట్టుకుని సముద్ర స్నానం చేయించే నోలియాలు, తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలవాళ్ళు, తెల్లటి శంకు టోపీలు పెట్టుకుంటారు. టోపీ పెట్టుకున్నందుకు వాళ్ళను ఎవరూ నవ్వలేదు. అంచు వెడల్పుగా ఉన్న టోపీ ఒక్కటే కంటికి తగిలే యు.వి.ని సుమారు సగానికి తగ్గిస్తుంది. దానికి అద్దాలు తోడైతే ఇంకేం కావాలి?

దుకాణంలో మీటరు మీద నెగ్గిన గోధుమరంగు జత ఒకటి మామ్మకు కొనిచ్చాను. ఖరీదు మనవడి మూడు జతలకంటే తక్కువే. రెండు వారాలు గంపలోనే, చేపల మీది గోనె కింద పడివుంది. "ఏం మామ్మా?" అంటే, "రేపెట్టుకుంతానమ్మా" అనేది. ఒకరోజు మనవడే పట్టుకొచ్చాడు సైకిలు మీద. "ఇదే మంచిదని నువ్వు సెప్పినావంట గదా పిన్నీ, నాదిచ్చేసి ఇది నేనెట్టుకుందామంటే ఇయ్యనంతంది" అన్నాడు. వెనక సీటు మీద మామ్మ, నెత్తిన కొంగు ముందుకు లాక్కుని, ముక్కు మీద ఆ గోధుమరంగు అద్దాలతో.

వీధి చివర పిల్లలు ఈల వేశారు. మామ్మ గంప దింపి, అద్దాలు నుదుటి మీదికి నెట్టి, నా కళ్ళలోకి చూసి, "నవ్వుకోనీ. ఇసక గరగర తగ్గింది. వంజరాలు తెచ్చినాను, సూడు" అంది.

కండ అలాగే ఉంది. డాక్టరుగారు ఆరు నెలలకోసారి రమ్మన్నారు. కిందటిసారి చూసి, ముందుకు పాకలేదన్నారు.